దస్తఖత్ ఖరీదు

మా ఖాలా కొడుకు గల్ఫ్ అగ్రిమెంటు మీద దస్తఖత్ పెట్టే ముందు నన్నొకటే అడిగాడు: "నచ్చకపోతే మధ్యలో వదిలేసి రావొచ్చా భాయ్?" అమెరికా బేస్‌బాల్ తారీఖ్ చదువుతుంటే ఆ సవాలే మళ్లీ వినబడింది.

అక్కడ ఒకప్పుడు కాంట్రాక్టు ముగిసినా ఆటగాడికి ఆజాదీ లేదు. 'రిజర్వ్ క్లాజ్' అనే షరతు అతన్ని క్లబ్‌కే కట్టేసేది. 1969లో సెయింట్ లూయిస్ క్లబ్, నల్లజాతి ఆటగాడు కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. నేను అమ్మకపు సరుకును కానంటూ ఆయన కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. కానీ 1975 డిసెంబరులో, మరో ఇద్దరు ఆటగాళ్ల కేసులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇచ్చిన ఫైసలాతో ఆ సంకెల తెగింది. మరుసటి ఏడాది ఒప్పందం కుదిరింది: ఆరేళ్లు ఆడాక ఆటగాడు నచ్చిన క్లబ్‌కు పోవచ్చు.

అసలు సౌదా ఆ ఆరేళ్లలోనే. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే. అప్పుడే క్లబ్ వచ్చి, "ఇప్పుడే ఏడెనిమిదేళ్లకు రాసివ్వు, డబ్బు ఖాయం" అంటుంది. 1990ల మొదట్లో క్లీవ్‌లాండ్‌లో జాన్ హార్ట్ దీన్నొక పద్ధతిగా మార్చాడు.

2019 ఏప్రిల్‌లో అట్లాంటా క్లబ్‌తో కురసావో కుర్రాడు ఓజీ ఆల్బీస్ ఏడేళ్లకు 3.5 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాడు. మరీ చవకని అందరూ నొచ్చుకున్నారు. అదే నెలలో అక్కడే 21 ఏళ్ల రొనాల్డ్ అకూన్యా ఎనిమిదేళ్లకు 10 కోట్లకు కుదిరాడు. 2023లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. లాభం క్లబ్‌ది.

మరోవైపు జాన్ సింగిల్టన్. 2014లో హ్యూస్టన్ తరఫున మొదటి మ్యాచ్ ఆడకముందే ఐదేళ్లకు కోటి డాలర్లకు దస్తఖత్ చేశాడు. తొందరపడ్డాడన్నారు. తొలి రెండు సీజన్లలోనే బ్యాట్ మొరాయించింది. ఆ కాగితమే అతన్ని కాచింది.

హువాన్ సోటో 2022లో 44 కోట్లు వద్దన్నాడు. 2024లో 76.5 కోట్లు అందుకున్నాడు. బహాదురీయే, కాదనను. కానీ అప్పటికే అతను కోట్లు సంపాదిస్తున్నాడు.

క్లబ్‌కు పదిమంది కుర్రాళ్లుంటారు, ఒకడు పోతే మరొకడు భర్తీ చేస్తాడు. కుర్రాడికి ఉన్నది ఒకే భుజం, ఒకే మోకాలు. అందుకే క్లబ్ అతనికి అమ్మేది ఇత్మినాన్. గరీబు ఇంటివాడికే దాని ఖరీదు ఎక్కువ పడుతుంది. తక్కువకు దస్తఖత్ చేసినవాణ్ని బేవకూఫ్ అనడానికి నాకు నోరు రాదు.

మా తమ్ముడు ఆ రోజే దస్తఖత్ పెట్టాడు. ఇంట్లో చెల్లి నికాహ్ ఉంది మరి.