అమరావతి రాళ్లయొద్ద

ఇప్పుడు చెన్నై అనబడు మద్రాసుకు పోయివచ్చినవారిని, ఏమి చూచితిరని అడిగినయెడల, సముద్రము చూచితిమందురు, దీపస్తంభము చూచితిమందురు, కొన్న చీరెలు విప్పి చూపుదురు. ఎగ్మూరులో పాంథియను రోడ్డుమీదనున్న మ్యూజియములోనికి పోయితిమను వారు అరుదు. వెనుకటి తరమువారు దానిని 'చచ్చిన కాలేజీ' అనియు, జంతువుల తోటను 'బ్రతికిన కాలేజీ' అనియు పిలిచెడివారు. తిమింగలపు ఎముకలను, లోపల కూరి నిలిపిన పక్షులను చూచి జనులు పెట్టిన పేరది. 1851లో స్థాపింపబడిన ఆ మ్యూజియములో మన కృష్ణ ఒడ్డునుండి పోయిన రాళ్లు ఒక శాలనిండ నిలిచియున్నవని మన పల్లెలలో ఎందరికి తెలియును?

మా సంఘములోని ఒక తాతకు కంటి ఆపరేషను చేయించుటకై మేము కొందరము అచ్చటికి వెళ్లితిమి. ఆపరేషను జరిగిన పిమ్మట, మరల వైద్యునికి చూపించుకొనుటకు కొన్ని దినములు వ్యవధి యుండెను. బసలో ఊరక కూర్చుండుటయేల అని నేను మ్యూజియము మాట ఎత్తితిని. మేము మొదట వెళ్లిన దినము శుక్రవారము. శుక్రవారము అక్కడ సెలవు. ముందుగా విచారింపకపోవుట నా తప్పే. ఎండలో నడిపించినందుకు ఆడవారు నన్ను బాగుగానే మందలించిరి. మరునాడు మరల వెళ్లితిమి. తాత నల్లకళ్లద్దములు పెట్టుకొని, మనుమని భుజము పట్టుకొని వచ్చెను.

ఆ రాయిని పాలరాయి అని చాలమంది అందురు గాని అది పలనాటి సున్నపురాయి. తెలుపులో లేత ఆకుపచ్చ ఛాయ యుండును. ఒక గుండ్రని పలకయొద్ద మేము చాలసేపు నిలిచిపోతిమి. నాళాగిరి అను మదపుటేనుగు కథ దానిలో చెక్కబడియున్నది. బుద్ధుని చంపించుటకు ఆ యేనుగును రాజగృహ పట్టణపు వీధిలోనికి వదలిరని బౌద్ధుల గ్రంథములు చెప్పుచున్నవి. ఒకప్రక్క ఏనుగు ఒక మనుష్యుని తొండముతో పట్టి పరుగెత్తుచున్నది. జనులు బెదరిపోవుచున్నారు, మేడకిటికీలనుండి స్త్రీలు తొంగిచూచుచున్నారు. మరియొకప్రక్క అదే యేనుగు బుద్ధుని యెదుట మోకాళ్లూని యున్నది. మాతో వచ్చిన ఒక అక్క నోటికి కొంగు అడ్డము పెట్టుకొని, "సంతలో ఎద్దు తెంచుకున్ననాడు మనవాళ్లూ ఇట్లాగే కదా అయ్యగారూ!" అని నవ్వెను. ఆ రాతిలోని స్త్రీల చేతులకు మణికట్టునుండి పైదాక గాజులు, కాళ్లకు బరువైన కడియములు. మా ఆడవారు వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుచుండిరి.

తాత మనుమడు చదువుకొన్న కుఱ్ఱవాడు. "ఇవి అన్యమతమువారి బొమ్మలు కదా, మనము చూడవచ్చునా?" అని అడిగెను. చూచుట వేరు, మ్రొక్కుట వేరు అని చెప్పితిని. ఈ రాయిని కోసినవారు, మోసినవారు, చెక్కినవారు ఎవరు? మన ప్రాంతపు జనులే. మన తాతల తాతలు ఎట్లు బ్రతికిరో తెలిసికొనుటకు మనకు ఇంతకంటె పాత సాక్ష్యము దొరకుట కష్టము.

అప్పుడు ఆ అక్కయే, "మన ప్రక్క ఊరివి ఇంతదూరం ఎట్లా వచ్చినాయి?" అని అడిగెను. ఆ కథ పెద్దది.

అమరావతిని ఆనుకొనియున్న ధరణికోటయే పూర్వపు ధాన్యకటకము. అక్కడి మహాస్తూపము ఇటుకతో కట్టి, చెక్కిన రాతిపలకలతో కప్పిన గుండ్రని కట్టడము. దాని వ్యాసము సుమారు 50 మీటర్లు. క్రీస్తు పుట్టుకకు ముందే దాని పని ఆరంభమై, శాతవాహన రాజుల కాలమున, క్రీ.శ. 2వ శతాబ్దములో, మిక్కిలి శోభ పొందెను. 1344లో కూడ అది పూర్తిగా పాడుపడలేదు. సింహళదేశములోని గడలాదెణియ శాసనములో, ధాన్యకటకమందలి ఒక మందిరమును ఆ దేశపు భిక్షువు బాగుచేయించినట్లు వ్రాయబడియున్నది. తరువాత జనులు దానిని మరచిరి. స్తూపము మట్టి కప్పుకొని, దీపాలదిన్నె అను పేరు మాత్రము మిగిలెను.

18వ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అను జమీందారు అమరావతిలో పట్టణము కట్టించుచుండగా, దిన్నె త్రవ్వినవారికి ఇటుకలు, రాళ్లు దొరకెను. వాటిని కొత్త కట్టడములకు వాడుకొనిరి. 1798లో కాలిన్ మెకంజీ అను దొర వచ్చి చూచిపోయెను. ఆయన 1816లో చిత్రకారులను వెంటబెట్టుకొని మరల వచ్చునప్పటికి, దిన్నె నడుమ భాగమును త్రవ్వి చెరువు చేసియుండిరి. మిగిలిన పలకలను వారు కాగితముమీద గీసిరి. గీసినది మంచిదాయెను, ఏలయనగా వాటిలో కొన్ని పిమ్మట మరి కానరాలేదు. కొన్ని పలకలు సున్నపుబట్టీలలో కాలిపోయెను.

1830 తరువాత బందరు కలెక్టరు రాబర్ట్‌సన్ కొన్ని పలకలను తెప్పించి బందరు బజారులో అలంకారముగా నిలిపించెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మరికొన్నిటిని మద్రాసుకు పంపెను. అవి అచ్చట ఏండ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసెను. 1859లో వాటిలో నూటికి పైగా ఓడ యెక్కి లండను చేరెను. అక్కడనైన మర్యాద దొరికెనా? అదియు లేదు. ఒక గుఱ్ఱపుసాలలో పడియుండగా 1867లో ఫెర్గుసన్ అను పండితుడు వాటిని కనుగొనెను. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియముకు చేరి నేటికిని అచ్చటనే యున్నవి. 1881లో బర్జెస్ అను అధికారి అమరావతికి వచ్చి, మిగిలినవానిలో పెక్కింటిని మద్రాసుకు పంపెను. మేము చూచిన శాలలోని రాళ్ల కథ యిది.

దొరలు మన సొత్తు కొనిపోయిరని మనము కోపపడుట న్యాయమే. అయితే సున్నమునకు కాల్చినది మాత్రము మన చేతులే. ఈనాటికిని పొలములో చెక్కిన రాయి దొరికినయెడల దానిని పగులగొట్టి గట్టుకు వేయువారు లేకపోలేదు.

మూడు నెలల తరువాత ఆ గుంపువారమే గుంటూరునుండి బస్సులో అమరావతికి పోతిమి. దూరము సుమారు 35 కిలోమీటర్లు. ఇక్కడి మ్యూజియముకు కూడ శుక్రవారమే సెలవు. ఈసారి ముందే విచారించితిని. స్తూపమున్నచోట చూచుటకు ఎక్కువ లేదు. పచ్చగడ్డి నడుమ ఇటుకల గుండ్రము, నిలబెట్టిన కొన్ని పలకలు, అంతే. చెన్నైలో రాళ్లను చూడకుండ ఇచ్చటికి వచ్చియుండినయెడల మావారు పది నిమిషములలో బస్సుకు పోదమనెడివారు. ఇప్పుడట్లు కాలేదు. ఏనుగు పలక ఏ వైపున ఉండెనో అని ఒకరినొకరు అడుగుకొనుచు ఆ గుండ్రము చుట్టు తిరిగిరి.

అక్కడ కూర్చుండి వారికి దాతల సంగతి చెప్పితిని. ఇంత గొప్ప కట్టడమును ఏ రాజో ఒక్కడే కట్టించెనని మనము తలంతుము. కాని పలకలమీద బ్రాహ్మీలిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన పేర్లను చదివినయెడల వర్తకులు, గృహిణులు, భిక్షువులు, భిక్షుణులు, సుగంధద్రవ్యములమ్మువారు కనబడుదురు. ఒకరు ఒక స్తంభము, ఒకరు ఒక పలక ఇచ్చిరి. పూర్ణఘటము, అనగా పూలతో నిండిన కలశము, చెక్కిన పలకను ఇచ్చినవాని పేరు విధికుడు. నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితోను, భార్యతోను, సహోదరులతోను, నాగుడను కుమారునితోను, కుమార్తెలతోను, బంధుమిత్రులతోను కలిసి ఇచ్చెనని శాసనము. చూడుడు, కుమారునికి తాత పేరే పెట్టుకొన్నాడు, మనము పెట్టుకొనునట్లే. అతని వృత్తి కూడ అందులో వ్రాసియున్నది. అతడు చర్మకారుడు, అనగా తోలుపని చేయువాడు.

తాత తల యెత్తెను. ఆయన తండ్రి చెప్పులు కుట్టి, మోటలకు తోలు తొండములు కుట్టి బ్రతికినవాడు. ఊరి బావికి దూరముగా నిలిచి, ఎవరైన పోసినప్పుడు కడవ నింపుకొన్న దినములు తాతకు జ్ఞాపకమున్నవి.

"అయ్యా, ఆయన పేరేమన్నారు? ఇంకొక్కసారి చెప్పండి."

"విధికుడు, తాతా."

"ఆయన పలక ఇస్తే వద్దన్నవాళ్లు ఎవరూ లేరా?"

"ఉంటే ఆ పలక ఉండేది కాదుగదా. పేరుకూడా చెక్కించుకున్నాడు."

ఆయన మరేమియు అనలేదు. ఆపరేషను చేసిన కంటిమీదికి చేయి అడ్డము పెట్టుకొని ఆ యిటుకలవైపు చాలసేపు చూచుచుండెను. బస్సుకు వేళ యైనదని మనుమడు రెండుమార్లు పిలువవలసివచ్చెను.

దారిలో ఆ కుఱ్ఱవానికి మరియొక సంగతి చెప్పితిని. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అమరావతి శిల్పములనుండి తన రాజముద్రను తీసికొన్నది. ఆ ముద్ర నడుమనున్నది పూర్ణఘటమే. ఇల్లు చేరగానే తాత తన పెట్టెలోని ప్రభుత్వపు కాగితములన్నియు తీయించి, వాటిలో ఆ కలశము ఎక్కడనున్నదో చూపుమని మనుమని అడిగెనట.