మూడుసార్లు పోయిన చూపు

2016 మార్చి 26, శనివారం. జపాన్‌లో తెల్లవారుజాము మూడు గంటలు. హితోమి అనే ఎక్స్‌రే టెలిస్కోపు భూమి చుట్టూ తిరుగుతూ, ఒక దూరపు గెలాక్సీ వైపు ముఖం మళ్లిస్తోంది. తనెగషిమా దీవి నుంచి నింగికెగిసి ఇంకా నలభై రోజులు కాలేదు.

ముఖం మళ్లించడం పూర్తయింది. ఉపగ్రహం నిలిచిపోయింది. కానీ దాని లోపలి కంప్యూటరు మాత్రం ఇంకా తిరుగుతున్నాననే నమ్మింది. స్టేషన్లో పక్క రైలు కదిలితే ఆగి ఉన్న మన రైలే కదిలినట్టు అనిపిస్తుందే, అలాగన్నమాట. గంటకు 21.7 డిగ్రీల చొప్పున తిరుగుతున్నానని లెక్కగట్టుకుని, ఆ లేని తిరుగుడును ఆపడానికి లోపలి చక్రాలను నడిపించింది. దాంతో నిజంగానే తిరగడం మొదలైంది. నక్షత్రాలను చూసి దిక్కు చెప్పే పరికరం ఉండనే ఉంది. దాని మాట మాత్రం ఎవరూ వినలేదు.

ఆ ఉపగ్రహంలో ఉన్నది మామూలు పరికరం కాదు. 1984లోనే అమెరికా శాస్త్రవేత్తలు హార్వే మోస్లీ, జాన్ మాథర్, డాన్ మెక్‌కామన్ దాని కిటుకు చెప్పారు. ఒక చిన్న గడిని శూన్య కెల్విన్‌కు అతి దగ్గరగా, 0.05 డిగ్రీలకు చల్లబరచాలి. ఒక్క ఎక్స్‌రే కణం వచ్చి తగిలితే అది రవ్వంత వేడెక్కుతుంది. ఎంత వేడెక్కిందో కొలిస్తే ఆ కణం శక్తి ఎంతో తెలిసిపోతుంది. హితోమిలో అలాంటి గళ్లు 36. నాసా తలపెట్టిన పెద్ద ఎక్స్‌రే టెలిస్కోపు, అంటే నేటి చంద్రా, దానిలో ఇలాంటి పరికరాన్ని పెట్టాలని మొదట ప్రతిపాదించారు. 1990లలో ఖర్చు తగ్గించే పనిలో అది పక్కకుపోయింది.

జపాన్ చేయందించింది. 2000 ఫిబ్రవరిలో రాకెట్ విఫలమై, ఆ పరికరాన్ని మోసుకెళ్లిన ఆస్ట్రో-ఈ ఉపగ్రహం కక్ష్యకే చేరలేదు. మళ్లీ కట్టారు. 2005 జులైలో సుజాకు ఉపగ్రహం క్షేమంగా పైకి వెళ్లింది. నెల తిరక్కుండానే చల్లబరిచే హీలియం అంతా ఆవిరైపోయింది. ఆ పరికరం ఆకాశంలో ఒక్క వస్తువునూ చూడలేదు. ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా మూడోసారి పనికి కూర్చున్న ఆ మనుషుల ఓర్పుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

హితోమిలో ఎట్టకేలకు ఆ పరికరం కళ్లు తెరిచింది. 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని పెర్సియస్ గెలాక్సీల గుంపును చూసింది. అక్కడ 5 కోట్ల డిగ్రీల వేడిలో ఉన్న వాయువు అల్లకల్లోలంగా ఉంటుందనుకుంటే, దాని కలత సెకనుకు 164 కిలోమీటర్లే అని తేల్చింది. అంత కచ్చితంగా కొలిచినవారు అంతవరకూ లేరు.

మార్చి 26 ఉదయం. చక్రాలు ఇక తట్టుకోలేని స్థితికి వచ్చాయి. ప్రాణం కాపాడుకునే పద్ధతిలోకి మారి, ఉపగ్రహం థ్రస్టర్లు మండించింది. వాటిని నడిపే అంకెలను ఫిబ్రవరి 28న కింది నుంచే పంపారు. అవి తప్పు అంకెలు. ఆపాల్సిన థ్రస్టర్లు తిరుగుడును ఇంకా పెంచాయి. ఆ వేగానికి రెండు సౌర ఫలకాలూ మొదలంటా విరిగిపోయాయి.

సాయంత్రం 4:40కి రావలసిన సంకేతం రాలేదు. తర్వాత అడపాదడపా ఏవో సంకేతాలు అందాయి. ఆశ పుట్టింది. పరీక్షిస్తే అవి హితోమివి కావు. ఏప్రిల్ 28న జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా ఆశ వదులుకుంది. తప్పు ఎక్కడ జరిగిందో, అంకెలు ఎందుకు సరిచూడలేదో దాచకుండా చెప్పింది.

2023 సెప్టెంబరు 7న, అదే తనెగషిమా నుంచి, నాలుగోసారి. ఉపగ్రహం పేరు క్రిజ్మ్. పరికరం ముందున్న రక్షణ తలుపు ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు. తక్కువ శక్తి ఎక్స్‌రేలు అక్కడే ఆగిపోయాయి. మిగిలినవి తలుపులోని పలుచని బెరీలియం కిటికీ గుండా లోపలికి చేరాయి. 2024 జనవరిలో తొలి ఫలితం విడుదలైంది. పక్క గెలాక్సీలో పేలిపోయిన ఒక నక్షత్రపు శిథిలాల్లో గంధకం, ఇనుము, కాల్షియం, సిలికాన్, ఆర్గాన్ వర్ణపటంలో దేని గీత దానిదిగా స్పష్టంగా కనిపించింది.