మసకదనం దోషమా, గుణమా?: ఔత్సాహిక ఛాయాగ్రహణంలో సద్విమర్శ – కామెరాన్ నుంచి స్ట్రాండ్ వరకు

ఆలంకారికులు కావ్యదోషాలను నిత్యదోషాలని, అనిత్యదోషాలని విభజించారు. వ్యాకరణవిరుద్ధమైన ప్రయోగం రసమేదైనా దోషమే. శ్రుతికటుత్వం అలాంటిది కాదు. శృంగారంలో చెవికి ములుకులా తగిలే పరుషాక్షరమే రౌద్రంలో గుణంగా మారుతుంది. విద్యానాథుని ప్రతాపరుద్రీయంలో దోషప్రకరణం, ఆ వెంటనే గుణప్రకరణం ఉన్నాయి. మన తరగతి గదుల్లో ఈ రెండూ పరీక్ష కోసం కంఠస్థం చేసే జాబితాలుగా మిగిలిపోయాయి. నిజానికి విమర్శకుడు తనను తాను అడగవలసిన ప్రశ్న ఈ విభజనలోనే ఉంది: ఇది ఎక్కడున్నా దోషమేనా, లేక ఇక్కడ మాత్రమే దోషమా? ఈ ప్రశ్న కావ్యానికే పరిమితం కాదు. ఛాయాగ్రహణంలో ఔత్సాహికుల పనిని పెద్దలు ఎలా విమర్శించారు, ఆ విమర్శను వారు ఎలా స్వీకరించారు అనే చరిత్రను ఈ కోణం నుంచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ పరిశీలనకు తీసుకున్న దోషం ఒక్కటే, మసకదనం. అంటే ఫోకస్ స్పష్టంగా కుదరకపోవడం.

జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో జన్మించింది. 1863 డిసెంబరులో కుమార్తె కెమెరాను కానుకగా ఇచ్చేనాటికి ఆమెకు 48 ఏళ్ళు. ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని ఫ్రెష్‌వాటర్ గ్రామంలో బొగ్గుల కొట్టును చీకటిగదిగా, కోళ్ళ గూడును చిత్రాలు తీసే గాజుగదిగా మార్చుకుని పని మొదలుపెట్టింది. వృత్తిశిక్షణ ఏదీ లేదు. ఏడాది తిరగకుండానే లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీలో సభ్యత్వం తీసుకుని, ప్రదర్శనలకు చిత్రాలు పంపింది. ముఖాన్ని దాదాపు నిండుగా చూపే ఆ చిత్రాలలో కళ్ళో, పెదవులో ఒక మేరకు తేలి, తక్కినదంతా మెత్తగా కరిగిపోతుంది.

సొసైటీ పత్రిక 1865లో ఆమె చిత్రాలను సమీక్షిస్తూ సాహసాన్ని, కొత్తదనాన్ని ఒప్పుకుంది గాని, ఛాయాచిత్రానికి ఉండవలసిన తక్కిన లక్షణాలన్నిటినీ బలిచేసి వాటిని సాధించిందని తీర్పు చెప్పింది. ఈ తీర్పును మూర్ఖత్వమని కొట్టివేయడం ఇప్పుడు సులభం. కాని ఆనాటి పనివిధానం తెలిస్తే అంత తొందరపడలేం. గాజుపలకపై కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీసి, వెంటనే చీకటిగదిలో డెవలప్ చేయాలి. దుమ్ము, వేలిముద్ర, ద్రావణం ఒలికిన చార, ఏ చిన్న అజాగ్రత్త అయినా పలకపై శాశ్వతంగా నిలిచిపోతుంది. పరిశుభ్రమైన పలకే చేతి నేర్పుకు రుజువు. కామెరాన్ పలకలపై చారలూ ఉన్నాయి, మరకలూ ఉన్నాయి. సొసైటీవారి పొరపాటు వాటిని చూడడంలో లేదు. మరకను, మసకను ఒకే గాటన కట్టడంలో ఉంది. మొదటిది చేతి లోపం. రెండవది ఎంపిక.

ఎంపిక అని ఎలా అనగలం? ఆమె మాటలే ఆధారం. 1874లో రాసుకున్న స్మృతులలో మొదటి మసక చిత్రాలు యాదృచ్ఛికంగానే వచ్చాయని ఆమె దాచకుండా చెప్పింది. ఆ తరువాత మాత్రం, కటకాన్ని జరుపుతూ ఉండగా కంటికి అందంగా తోచిన చోట ఆగిపోయేదాన్నని, ఇంకా స్పష్టమైన ఫోకస్ కోసం ముందుకు వెళ్ళలేదని వివరించింది. అంతకు పదేళ్ళ ముందే, 1864 చివరిరోజున జాన్ హర్షెల్‌కు రాసిన లేఖలో, ఏది సరైన ఫోకసో నిర్ణయించే అధికారం ఎవరిదని నిలదీసింది. ఆ లేఖ ఎవరికి రాసిందో గమనించాలి. హర్షెల్ అప్పటి ఛాయాగ్రహణ శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. నెగటివ్, పాజిటివ్ అనే మాటలను ఈ రంగంలో వాడుకలోకి తెచ్చినవాడు, చిత్రాన్ని స్థిరపరచడానికి హైపో పనికివస్తుందని చూపినవాడు. నియమాల పేరుతో ఆమెను తప్పుపట్టే అర్హత ఎవరికైనా ఉంటే అతడికే ఉండాలి.

అతడు తప్పుపట్టింది ఫోకస్‌ను కాదు. చేతులకు అంటిన వెండి మరకలను పోగొట్టుకోవడానికి ఆమె పొటాషియం సైనైడ్‌ను విచ్చలవిడిగా వాడుతోందని తెలిసి, అది ఘోరమైన విషమని, జాగ్రత్తపడమని వేడుకున్నాడు. 1866లో ఆమె పంపిన ఒక స్త్రీముఖ చిత్రాన్ని చూసి, అది కాగితంలోంచి తల బయటికి చాచినట్టు సజీవంగా ఉందని మెచ్చుకున్నాడు. బాగుందని ఊరుకోక, ఏది ఎలా బాగుందో చెప్పిన మెప్పు అది. చిత్రకారుడు జి. ఎఫ్. వాట్స్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఖరీదైన అట్టకు అంటించిన మేలు ప్రతులు నాకు పంపవద్దు, లోపమున్న ప్రతులైనా చాలు, వాటిని చూసి అంతే బాగా అంచనా వేయగలను అని ఆమెకు రాశాడు. ఆమె ఖర్చు మీద దయతో అన్న మాటే కావచ్చు. కాని విమర్శ పద్ధతిగా చూస్తే అందులో లోతు ఉంది. లోపభూయిష్టమైన ప్రతిలోనూ కర్త సంకల్పాన్ని చదవగలనన్న ధీమా అది. మన పరిభాషలో సహృదయుడంటే ఇలాంటివాడే. పరిశోధన వ్యాసాల చిత్తుప్రతులు చూసే మనలో ఎందరికి ఆ ధీమా ఉందో వేరే సంగతి.

స్వీకరించే పక్షం నుంచి చూస్తే కామెరాన్ ప్రవర్తన ఇంకా ఆసక్తికరం. సొసైటీ విమర్శ విలువ ఎంతో గ్రహించి ఉండకపోతే తన ఉత్సాహం చల్లారి ఉండేదని ఆమె రాసుకుంది. 1866లో బెర్లిన్ ప్రదర్శన ఆమెకు బంగారు పతకం ఇచ్చింది. ఇక సొసైటీతో పనిలేదని ఆమె అనుకుని ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. కాని 1869లో ఆమె నెగటివ్‌ల పొర తేనెపట్టులా పగుళ్ళు తీయడం మొదలైంది. తనకు అత్యంత విలువైన 45 నెగటివ్‌లు ఇలా పాడయ్యాయని హెన్రీ కోల్‌కు రాసిన లేఖలో వాపోయింది. అప్పుడు ఆమె కారణం తెలుసుకోవడానికి ఆ సొసైటీ సభ్యులనే ఆశ్రయించింది. ఫోకస్ విషయంలో ఎవరి మాట పెడచెవిని పెట్టిందో, పగుళ్ళ విషయంలో వారినే సలహా అడిగింది. పొర పగలడం నిత్యదోషం. దానికి రసంతో పనిలేదు, రసాయనశాస్త్రంతోనే పని. దీన్ని నేను అహంకారంగా గాని, ఓటమిగా గాని చూడను. ఏ విమర్శకుడి అధికారం ఎంతవరకో ఆమెకు తెలుసు.

ఆ తరువాతి తరంలో పరిస్థితి తలకిందులైంది. పి. హెచ్. ఎమర్సన్ 1889లో ప్రకటించిన గ్రంథంలో, కన్ను చూసినట్టే ప్రధాన వస్తువును మాత్రం స్పష్టంగా ఉంచి మిగిలినదాన్ని మెత్తబరచాలని వాదించాడు. ఆ మరుసటి సంవత్సరమే కామెరాన్‌పై ప్రశంసాపూర్వకమైన వ్యాసమూ రాశాడు. అంతకుముందు 1887లో ఇంగ్లండులోని ఒక ఔత్సాహికుల పత్రిక నిర్వహించిన పోటీకి న్యాయనిర్ణేతగా ఉండి, బెర్లిన్‌లో చదువుకుంటున్న 23 ఏళ్ళ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కు మొదటి బహుమతి ఇచ్చినవాడు కూడా ఇతడే. క్రమంగా మెత్తదనమే కళకు గుర్తు అయిపోయింది. ఇరవయ్యవ శతాబ్దం మొదటికి న్యూయార్కులో ఔత్సాహికులు కావాలని మసకబరిచే కటకాలు కొనుక్కునేవారు. ఒకనాటి దోషం గుణమై, ఆ గుణం చివరికి అలవాటైంది.

పాల్ స్ట్రాండ్ అలాంటి కటకంతో పనిచేసేవాడు. 1907లో ఉపాధ్యాయుడు లూయిస్ హైన్ విద్యార్థులను స్టీగ్లిట్జ్ నడిపే '291' ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళినప్పుడు అతడికి 17 ఏళ్ళు. ఆ తరువాత అప్పుడప్పుడు తన చిత్రాలు పట్టుకుని అక్కడికి వెళ్ళేవాడు. స్ట్రాండ్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్న ప్రకారం, స్టీగ్లిట్జ్ మసకదనాన్ని నియమంగా ఖండించలేదు. ఈ కటకం వల్ల గడ్డి నీరులా కనిపిస్తోందని, నీటికీ చెట్టు బెరడుకీ తేడా తెలియడం లేదని, అన్నీ ఒకే పదార్థంతో చేసినట్టున్నాయని చూపించాడు. పరిహారంగా కటకం ద్వారాన్ని బాగా కుదించి చూడమన్నాడు. దోషం ఎక్కడ ఉందో, అది చిత్రంలో ఏం పాడుచేస్తోందో, మరుసటిసారి చేత్తో ఏం చేయాలో, మూడూ ఆ మాటల్లో ఉన్నాయి. 1865 నాటి సమీక్షలో మొదటిది తప్ప మిగిలిన రెండూ కనిపించవు.

స్ట్రాండ్ ఆ సలహాతో వెళ్ళి కొన్నేళ్ళు పనిచేశాడు. 1915లో తెచ్చిన చిత్రాలను స్టీగ్లిట్జ్ మరుసటి ఏడాది '291'లో ప్రదర్శించాడు. తన పత్రిక 'కెమెరా వర్క్' 1917 నాటి చివరి సంచికను పూర్తిగా అతడి చిత్రాలకే కేటాయించాడు. అదే పత్రిక 1913 జనవరి సంచికలో, స్ట్రాండ్‌కు మసక వద్దని చెప్పిన ఆ సంపాదకుడే, కామెరాన్ తీసిన మసక ముఖాలను ఒక్క గీత కూడా పదును పెట్టకుండా అచ్చువేశాడు.