మరకతం: పేరు ఒకటి, రాళ్లు అనేకం

బ్యాంకాక్ నగరంలోని వాట్ ఫ్రా కేవ్ ఆలయంలో సుమారు 66 సెంటీమీటర్ల ఎత్తున్న ఆకుపచ్చని బుద్ధ ప్రతిమ ఉంది. థాయ్ ప్రజలు దానిని ‘ఫ్రా కేవ్ మొరకోత్’ అంటారు. ‘మొరకోత్’ అన్నది సంస్కృతంలోని ‘మరకత’ శబ్దమే. లోకమంతటా ఆ మూర్తి మరకత బుద్ధుడుగా ప్రసిద్ధుడు. అయితే ఆ ప్రతిమ మరకతంతో చేసినది కాదు. జేడ్ లేదా జాస్పర్ జాతికి చెందిన ఆకుపచ్చని రాతితో మలచినదని పరిశోధకుల సాధారణాభిప్రాయం. ఇందువల్ల భక్తుల ఆరాధనకు లోటేమీ లేదు. కాని చరిత్రకారునికి పేరు ఒక ఆధారం, రాయి మరొక ఆధారం. ఈ రెండింటినీ ఒకటిగా భావించినప్పుడు ధాతుకరండాల, విహారాలలోని ఆభరణాల చరిత్ర తారుమారవుతుంది.

రాతి స్వభావం

మరకతం బెరిల్ అనే ఖనిజంలో ఒక రకం. బెరీలియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ మూలకాల కలయికతో బెరిల్ ఏర్పడుతుంది. స్వచ్ఛమైన బెరిల్‌కు రంగు ఉండదు. అల్యూమినియం ఉండవలసిన చోట స్వల్పంగా క్రోమియం గాని, వనేడియం గాని చేరితే గాఢమైన ఆకుపచ్చ వర్ణం వస్తుంది. ఇనుము చేరినప్పుడు నీలి, లేత ఆకుపచ్చ ఛాయలు ఏర్పడతాయి. మరకతం కాఠిన్యం మోస్ కొలమానంపై 7.5 నుంచి 8 వరకు, సాపేక్ష సాంద్రత దాదాపు 2.7. స్ఫటికం ఆరు పలకల స్తంభంలా పెరుగుతుంది.

ఈ రాయి అరుదు కావడానికి కారణం భూగర్భంలోనే ఉంది. బెరీలియం ప్రధానంగా గ్రానైట్ సంబంధమైన శిలల్లో కూడుకొంటుంది. క్రోమియం భూమి లోతుల నుంచి వచ్చిన వేరొక జాతి శిలల్లో ఉంటుంది. సాధారణంగా ఈ రెండూ ఒకచోట కలవవు. కలిసిన చోట్ల కూడా మరకతం ఒత్తిడికి, వేడి ద్రవాల ప్రవాహానికి లోనై పెరుగుతుంది. అందువల్ల దాదాపు ప్రతి మరకతంలోనూ సన్నని పగుళ్లు, ద్రవబిందువులు, ఇతర ఖనిజాల కణాలు కనిపిస్తాయి. రత్నవ్యాపారి వీటిని దోషాలుగా లెక్కిస్తాడు. పరిశోధకునికి ఇవి రాతి జన్మస్థలాన్ని చెప్పే గుర్తులు. 66 సెంటీమీటర్ల మూర్తిని చెక్కడానికి తగిన ఏకశిలగా మరకతం దొరకడం దాదాపు అసంభవమని కూడా ఈ స్వభావమే చెబుతుంది.

పేర్ల ప్రయాణం

బెరిల్ అనే మాటకు మూలం భారతదేశంలోనే ఉంది. సంస్కృత ‘వైడూర్య’, పాళీ ‘వేళురియ’, ప్రాకృత ‘వేరులియ’ రూపాల నుంచి గ్రీకు ‘బేరుల్లోస్’ వచ్చిందని భాషావేత్తలు నిర్ణయించారు. దీఘనికాయంలోని సామఞ్ఞఫలసుత్తంలో వేళురియ మణి ఒక ఉపమానంగా వస్తుంది. ఎనిమిది పలకలుగా సానబట్టిన నిర్మలమైన మణి, దాని గుండా సాగిన రంగు దారం, దానిని అరచేతిలో ఉంచుకొని మణినీ దారాన్నీ వేర్వేరుగా చూడగల కన్నులున్న మనిషి అందులో కనిపిస్తారు. సహజంగా ఆరు పలకలుగా పెరిగే స్ఫటికాన్ని ఎనిమిది పలకలుగా తీర్చి, రంధ్రం చేసే పనితనం ఆ శ్రోతలకు పరిచితమని ఇందువల్ల ఊహించవచ్చు.

కౌటిల్యుని అర్థశాస్త్రం వైడూర్య భేదాలను చెబుతూ నీటి వర్ణాన్ని, వెదురు వర్ణాన్ని, చిలుక ఈక వర్ణాన్ని కూడా పేర్కొంటుంది. అంటే ఆకుపచ్చని రాళ్లు కొన్ని వైడూర్యం పేరుతోనే చలామణి అయ్యాయి. తరువాతి కాలంలో ఈ మాట అర్థం చెదిరిపోయింది. టిబెట్ సంప్రదాయంలో భైషజ్యగురు బుద్ధుని వైడూర్య కాంతి నీలవర్ణమై, లాజవర్దం రాతితో ముడిపడింది. చీనా భాషలో అదే మాట ‘లియులి’గా మారి గాజుకు కూడా వర్తించింది. నేటి తెలుగువారి నవరత్నాలలో వైడూర్యమంటే పిల్లికన్ను రాయి.

మరకత శబ్దం ఇందుకు ఎదురు దిశలో ప్రయాణించిందని పలువురు భాషావేత్తల అభిప్రాయం. గ్రీకు ‘స్మరగ్దోస్’కు, ‘మరకత’కు ఉన్న సంబంధాన్ని వారు పశ్చిమం నుంచి వచ్చిన మాటగా వివరిస్తారు. అమరకోశం గారుత్మతం, అశ్మగర్భం, హరిన్మణి అనే పేర్లను మరకతానికి పర్యాయాలుగా ఇచ్చింది. వీటిలో అశ్మగర్భం మహాయాన సూత్రాలలోని సప్తరత్నాలలో ఒకటి. అయినా ఆ సూత్రాల అనువాదకులు దానిని ఒకే రాయిగా గ్రహించలేదు. కాబట్టి గ్రంథంలో అశ్మగర్భం కనిపించినంత మాత్రాన ఆ కాలపు స్తూపంలో మరకతం ఉందని చెప్పడం తొందరపాటు.

ఒకే కుటుంబానికి చెందిన రెండు రాళ్ల పేర్లు రెండు వైపులా ఇలా సాగడం వాణిజ్య చరిత్రకు అనుగుణంగానే ఉంది. నేటి తమిళనాడులోని పడియూరు ప్రాంతం నీలి, లేత ఆకుపచ్చ బెరిల్‌కు ప్రసిద్ధం. దానికి సమీపంలోని కొడుమణల్ తవ్వకాల్లో రత్నాల పనిశాలల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ రాళ్లు రోమన్ ప్రపంచానికి చేరాయి. అదే ప్రపంచంలో గాఢవర్ణ మరకతానికి నెలవు ఈజిప్టు తూర్పు ఎడారిలోని సికైత్ గనులు. వాటి పరిసరాలలోని ఎర్రసముద్ర రేవు బెరెనికే. అక్కడ 2022లో దొరికిన పాలరాతి బుద్ధ విగ్రహం సంగతి 2023లో వెల్లడైంది. మరకతపు గనుల సమీప రేవుకు బౌద్ధ సంప్రదాయం తెలిసినవారు వచ్చిపోయారనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. 6వ శతాబ్దంలో కాస్మస్ అనే గ్రీకు రచయిత, ఇథియోపియా వర్తకులు మరకతాలను భారతదేశానికి తెస్తారనీ, శ్వేతహూణులు వాటిని ఎంతో విలువైనవిగా చూస్తారనీ రాశాడు.

పరీక్ష: నాడు, నేడు

రత్నపరీక్షా శాస్త్రంలో బౌద్ధుల పాత్ర చిన్నది కాదు. ‘రత్నపరీక్ష’ రచయిత బుద్ధభట్టు తన గ్రంథాన్ని త్రిరత్న నమస్కారంతో ఆరంభించాడు. అందులోని విషయం చాలా వరకు గరుడ పురాణంలోనూ కనిపిస్తుంది. గరుత్మంతుని కారణంగా నేలపై పడిన పిత్తం నుంచి మరకతం పుట్టిందన్న కథ, అది విషాన్ని హరిస్తుందన్న నమ్మకం ఈ సంప్రదాయంలోనివే. కథ పక్కనే ప్రయోగం కూడా ఉంది. మరకతాన్ని పోలిన ఒక రాయి నారబట్టతో రుద్దితే కాంతి కోల్పోతుందనీ, గాజును దాని తేలికదనాన్ని బట్టి పసిగట్టవచ్చుననీ ఈ శాస్త్రం బోధిస్తుంది. సాధారణ గాజు సాంద్రత సుమారు 2.5. మరకతం కంటే తక్కువే. సీసం కలిపిన గాజు బరువెక్కువ గనుక ఆ పరీక్ష దానికి చెల్లదు. అయినా చేతి తూకంతో నిర్ణయించే ఆ పద్ధతికి ఆధారం సరైనదే.

మరకతం, బెరిల్ ఒకే స్వభావం గలవై ఉండవచ్చునని 1వ శతాబ్దంలో ప్లినీ రాశాడు. 1798లో ఫ్రెంచి రసాయనవేత్త వోక్లాఁ రెండింటిలోనూ అంతవరకు తెలియని ఒకే మూలకాన్ని కనుగొనడంతో ఆ ఊహ రుజువైంది. ఆ మూలకమే బెరీలియం.

ఇంకొక ముందడుగు 2000లో పడింది. గాస్టన్ జూలియానీ బృందం మరకతాలలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తిని కొలిచి, వాటి జన్మస్థలాలను గుర్తించింది. గాలో-రోమన్ కాలపు ఒక చెవిపోగులోని మరకతం స్వాత్ లోయకు చెందినదని తేలింది. అక్కడి గనులు 20వ శతాబ్దంలోనే బయటపడ్డాయని అంతవరకు అనుకొనేవారు. స్వాత్ అంటే ప్రాచీన ఉడ్డియానం. మింగోరా పట్టణం వద్ద మరకతపు గని ఉంది, బుత్కర స్తూపమూ ఉంది. బౌద్ధ విహారాలు వెలసిన ఆ నేల నుంచి రాళ్లు పశ్చిమ ఐరోపా వరకు వెళ్లాయన్నమాట. అదే అధ్యయనం హైదరాబాదు నిజాం ఖజానాకు చెందిన మరకతాలను కూడా పరీక్షించి, వాటిలో అధికభాగం కొలంబియా నుంచి వచ్చినవని నిర్ధారించింది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి చేతికి చిక్కిన ఆ గనుల రాళ్లు, మొదట స్పెయిన్ మీదుగా, తరువాత ఫిలిప్పీన్స్ మీదుగా భారతదేశానికి చేరాయి.

నమోదులో పాటించవలసినది

ఈ చరిత్ర నుంచి ఒక కాలరేఖ ఏర్పడుతుంది. ప్రాచీనమని చెప్పే ధాతుకరండంలో గాని, మూర్తి కిరీటంలో గాని కొలంబియా మరకతం ఉంటే, ఆ రాయి 16వ శతాబ్దానికి ముందు అక్కడికి వచ్చి ఉండదు. అది తరువాతి భక్తుల దానం కావచ్చు, మరమ్మతులో చేరినది కావచ్చు. లేదా వస్తువే అర్వాచీనం కావచ్చు. స్వాత్ లేదా ఈజిప్టు మరకతమైతే అది ప్రాచీన వాణిజ్యమార్గానికి సాక్ష్యం. ‘పచ్చ’ అని ఒక్క మాట రాసి ఊరుకొన్న జాబితాలో ఈ భేదాలన్నీ మాసిపోతాయి.

భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన శాసనసహిత రాతి కరండాల వంటి నిక్షేపాలు ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో తెలుపుతాయి. అటువంటి నిక్షేపాలలో స్ఫటికం, బంగారు పువ్వులు, పూసలు ధాతువు పక్కన ఉంచిన దానాలు. దాత పేరును శాసనం చెబుతుంది. దాత ఇచ్చిన వస్తువు ఏ సీమ నుంచి వచ్చిందో రాయే చెప్పాలి. దానిని తప్పు పేరుతో నమోదు చేస్తే ఆ దానపు చరిత్రలో సగం పోయినట్లే.

అందువల్ల మ్యూజియం పట్టికలలోనూ, విహారాల ఆస్తి పుస్తకాలలోనూ రెండు గడులు ఉండడం మేలు. ఒక దానిలో సంప్రదాయం పిలిచే పేరును మార్చకుండా రాయాలి. రెండవ దానిలో పరీక్షించి నిర్ణయించిన ఖనిజం పేరును, పరీక్షించిన పద్ధతిని, తేదీని రాయాలి. పరీక్ష జరగనప్పుడు ‘ఆకుపచ్చ రాయి’ అని రాయడమే నిజాయితీ. భూతద్దం కింద అంతర్గత చిహ్నాల పరిశీలనకు, రామన్ వర్ణపట పరీక్షకు, చేతిలో ఇమిడే ఎక్స్-రే పరికరాలతో చేసే మూలకాల పరీక్షకు రాతిని దాని స్థానం నుంచి పెకలించనక్కరలేదు, గీయనక్కరలేదు. కాబట్టి పవిత్ర వస్తువుల రక్షణ బాధ్యత వహించే భిక్షుసంఘం సమక్షంలోనే, ఆరాధనకు భంగం లేకుండా వీటిని జరపవచ్చు. నూనె పట్టించి పగుళ్లను కప్పే వాడుక మరకతాలకు ఉన్నందున, శుభ్రం చేసే ముందు ద్రావకాలను, వేడిని దూరంగా ఉంచడం కూడా అవసరం.

బ్యాంకాక్ మూర్తి మరకత బుద్ధుడుగానే పూజలందుకొంటాడు. ఆ పేరుకు శతాబ్దాల భక్తి చరిత్ర ఉంది, మొదటి గడిలో దాని స్థానం చెక్కుచెదరదు. రెండవ గడిలో రాతి నిజం ఉంటుంది. పేరు భక్తుల చరిత్రను చెబితే, రాయి వర్తకుల, శిల్పుల, దాతల చరిత్రను చెబుతుంది. బౌద్ధ వారసత్వానికి ఈ రెండు చరిత్రలూ కావలసినవే.