ఇంటి పన్ను కట్టినవాడికి లెక్క చెప్పేదెవరు?

మద్రాసు చరిత్ర అనగానే మనం దామెర్ల వేంకటాద్రి నాయకుడితో మొదలుపెడతాం. 1639లో ఆయన ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన కౌలుతో ఆ ఊరు పుట్టిందనీ, ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరునే చెన్నపట్నమయిందనీ చెప్పుకొని సంతోషిస్తాం. సాధారణంగా అక్కడితో ఆగిపోతాం. కానీ ఊరు పుడితే చాలదు. వీధులు వెయ్యాలి, వాటిని ఊడ్చాలి, రాత్రిళ్ళు కాపలా కాయాలి, చుట్టూ గోడ కట్టాలి. వీటికి డబ్బు ఎవరిచ్చారు? ఎవరు ఖర్చు పెట్టారు? ఎవరు ఎవరికి లెక్క చెప్పారు? మూడున్నర శతాబ్దాలుగా ఆ ఊళ్ళో నలుగుతున్న ప్రశ్న ఇది. ఆ కథలో మనవాళ్ళ పేర్లు చాలాచోట్ల కనబడతాయి. కొందరు అడిగినవాళ్ళు, కొందరు జవాబు చెప్పవలసిన కుర్చీలో కూర్చున్నవాళ్ళు. పేరు ఎక్కడా నమోదుకాకుండా చీపురు పట్టినవాళ్ళు మరెందరో.

గోడ కోసం పన్ను

కోట బయట, తెల్లవాళ్ళు నల్లవాళ్ళ పట్నమని పిలిచిన చోట, మన వర్తకులు, నేతగాళ్ళు, పడవవాళ్ళు కాపురముండేవారు. 1678లో గవర్నరు స్ట్రెయిన్‌షాం మాస్టర్ వీధులు ఊడ్పించే నెపంతో ఇళ్ళ మీద పన్ను వేశాడు. ఊరు సణిగింది. తర్వాత ఊరి చుట్టూ గోడ కట్టాలని, దాని ఖర్చు ఊరివాళ్ళే భరించాలని లండన్ నుంచి ఉత్తరువులు వచ్చాయి. 1686లో గవర్నరు విలియం గిఫర్డ్ ఆ పన్ను వసూలుకు దిగేసరికి కులపెద్దలంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. దుకాణాలు మూశారు. కట్టమని చెప్పేశారు. లొంగకపోతే ఇళ్ళు కూలగొట్టి ఊళ్ళోంచి వెళ్ళగొడతామని కంపెనీ బెదిరించింది. ఆ పూటకు ఊరు తల వంచింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ జనం గోడ వద్దనలేదు. దొంగల భయం, దండుల భయం వాళ్ళకూ ఉంది. మమ్మల్ని అడక్కుండా వేసిన పన్ను మేమెందుకు కట్టాలన్నదే వాళ్ళ మాట. కంపెనీ వ్యాపారంలో వచ్చే లాభం లండన్‌కు పోతుంది, గోడ ఖర్చు మాత్రం మన మీద పడుతుంది, ఇదేం న్యాయమని వాళ్ళ బాధ.

అరషిల్లింగు కంటే అయిదు షిల్లింగులు తేలిక

లండన్‌లో కూర్చుని ఈ తగాదాను అర్థం చేసుకున్నవాడు సర్ జొసయా చైల్డ్. కంపెనీకి పెద్ద తలకాయ, గట్టి వ్యాపారి. ఊరివాళ్ళు తమలో తాము కూర్చుని వేసుకునే పన్ను అయిదు షిల్లింగులైనా మనసారా ఇస్తారు, మనం నిరంకుశంగా వేస్తే ఆరు పెన్నీలకు కూడా ఏడుస్తారు అన్నది ఆయన వాదన. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. అంటే మాట చెల్లిన చోట మనిషి పదింతలు కూడా ఇస్తాడని ఆయన లెక్క. మనకు మేలు చెయ్యాలని ఆయన ఇది రాయలేదు. ఖర్చు తప్పించుకోవాలని రాశాడు. అయినా మాట నిజం.

ఆ ఆలోచన ఫలితమే మద్రాసు కార్పొరేషన్. 1687 డిసెంబరు 30 నాటి సనదు ప్రకారం అది 1688 సెప్టెంబరు 29న మొదలయింది. అప్పటి గవర్నరు ఎలీహు యేల్. మొదటి మేయరు నథానియల్ హిగిన్సన్. పన్నెండుమంది ఆల్డర్‌మన్లలో చిన వేంకటాద్రి, ముద్దు వీరన్న, అళగత్త పిళ్ళె అనే ముగ్గురు ఈ దేశం వాళ్ళు. చిన వేంకటాద్రి కంపెనీ పెద్ద దుబాసీ అయిన బేరి తిమ్మన్నకు తమ్ముడు. ఎర్రని అంగీలతో, మేళతాళాలతో ఊరేగింపు జరిగింది. పట్టణ భవనం, బడి, జైలు ఇవన్నీ ఊరి పన్నులతోనే కట్టుకోవాలన్నారు.

కానీ వసూళ్ళు నత్తనడకన సాగాయి. ఎందుకని? చైల్డ్ చెప్పిన సూత్రంలో సగమే అమలయింది. ఆల్డర్‌మన్లను ఊరు ఎన్నుకోలేదు, కంపెనీ పేర్కొంది. అంగీ తొడుక్కున్నంత మాత్రాన వాళ్ళు ఊరికి జవాబుదారులు కారు. పన్ను మనదే, పెత్తనం మాత్రం వాళ్ళదేనని ఊరికి తెలిసిపోయింది. పేరుకు స్వపరిపాలన ఉంటే చాలదన్న పాఠం మద్రాసులో అప్పుడే మొదలయింది.

లక్ష్మీనరసు చెట్టి అడిగిన లెక్క

1793లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం మద్రాసు, కలకత్తా, బొంబాయి పట్టణాల్లో జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే అధికారులకు ఇంటి పన్ను వేసే హక్కు ఇచ్చింది. ఇంటి ఏడాది విలువలో ఇరవయ్యో వంతు మించకూడదన్నారు. ఆ డబ్బు వీధుల శుభ్రతకు, కాపలాకు, మరమ్మతులకు. పన్నుకు హద్దు పెట్టారు, ఖర్చుకు పేర్లు పెట్టారు. కట్టినవాడికి మాత్రం నోరు పెట్టలేదు.

ఆ నోరు మరోచోట నుంచి వచ్చింది. మద్రాసు తెలుగు వర్తక కుటుంబంలో 1806లో పుట్టిన గాజుల లక్ష్మీనరసు చెట్టి నీలిమందు, బట్టల వ్యాపారంలో గడించాడు. 1844లో ‘క్రెసెంట్’ అనే పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి పార్లమెంటుకు పెద్ద మహజరు పంపాడు. అందులో ఉన్నవి ఒక్క పట్నం బాధలే కావు. రైతుల మీద పన్నుల భారం, వసూలులో జరిగే హింస, బడులకూ రోడ్లకూ ప్రభుత్వం ఖర్చు పెట్టకపోవడం, ఇవన్నీ వరసపెట్టి రాశారు. 1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు స్వయంగా వచ్చి చూసిపోయాడు. తర్వాత విచారణ సంఘం వేశారు. పన్ను రాబట్టడానికి కింది ఉద్యోగులు జనాన్ని హింసిస్తున్న మాట నిజమేనని ఆ సంఘం 1855లో ఒప్పుకుంది.

ఆయన తుపాకి పట్టలేదు, దుకాణాలు మూయించలేదు. మీరు తీసుకున్నదెంత, మాకు ఖర్చు పెట్టిందెంత అని కాగితం మీద అడిగాడు, అదీ పాలకుల భాషలో అడిగాడు. ప్రజా వ్యవహారాల్లో సొంత సొమ్మంతా కరగదీసుకొని 1868లో పేదవాడుగానే పోయాడు. మన పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం మన లోపమే.

వంతులవారీగా వచ్చిన ఓటు

1867 చట్టంతో మద్రాసును ఎనిమిది డివిజన్లు చేసి, ముప్పైరెండుమంది కమిషనర్లను పెట్టారు. అంతా ప్రభుత్వం నియమించినవాళ్ళే. 1878లో అందులో సగంమందిని పన్ను కట్టేవాళ్ళు ఎన్నుకోవచ్చన్నారు. 1882 మే 18న లార్డ్ రిపన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం వచ్చింది. జనానికి ఇది రాజకీయ శిక్షణ అని ఆయన అభిప్రాయం. 1884లో ఎన్నికైనవాళ్ళ సంఖ్య ఇరవైనాలుగయింది. 1913లో తెరిచిన కార్పొరేషన్ భవనానికి ఆయన పేరే పెట్టారు. అయినా ఓటు ఆస్తి ఉన్నవాడిదే. అద్దెకొంపలో ఉన్నవాడు అద్దె రూపంలో అదే పన్ను మోస్తున్నా లెక్క అడిగే వరసలోకి రాలేదు.

కౌన్సిలే తన అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి 1919 చట్టంతో వచ్చింది. అలా ఎన్నికైన మొదటివాడు పిట్టి త్యాగరాయ చెట్టి. దేవాంగుల ఇంట, నేత మగ్గాల మధ్య పెరిగిన తెలుగువాడు. ఈనాటి త్యాగరాయనగర్ ఆయన పేరిటిదే. ఆయన హయాంలో 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడి పిల్లలకు పగటిపూట ఫలహారం పెట్టాలని కౌన్సిలు తీర్మానించింది. పిల్లవాడికి రోజుకు అణా మించకూడదు. మరికొన్ని బడులకు కూడా పాకింది. బడికి వచ్చే పేదపిల్లల సంఖ్య పెరిగింది.

తర్వాత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ప్రాథమిక విద్యా నిధిలోంచి తిండికి ఖర్చు పెట్టరాదంది. 1925లో పథకం ఆగింది, కొంతకాలానికి చిన్న ఎత్తున మళ్ళీ మొదలయింది. ఖర్చు మీద లెక్క అడగడం మంచిదే. కానీ అణా ఏ పద్దులోంచి వచ్చిందని అడగడం ఒకటి, ఆ అణాతో పిల్లవాడి కడుపు నిండిందా అని అడగడం మరొకటి. మొదటి ప్రశ్న గుమాస్తా అడుగుతాడు. రెండోది అడగవలసింది ఊరు.

దొంగ పేర్ల పట్టీ

ఎన్నికలు ఉన్నంత మాత్రాన అన్నీ చక్కబడవనడానికి కూడా మద్రాసే సాక్ష్యం. 1973లో మస్టర్ రోల్ కుంభకోణం బయటపడింది. మస్టర్ రోల్ అంటే కూలీల హాజరుపట్టీ. లేని మనుషుల పేర్లు రాసి కూలి డబ్బు కాజేశారన్నది ఆరోపణ. ప్రభుత్వం కౌన్సిలును రద్దు చేసింది. తప్పు చేసినవాళ్ళను శిక్షించి, ఎన్నికలు పెట్టి ఉంటే అది న్యాయం. కానీ మళ్ళీ ఎన్నిక జరిగింది 1996లో! ఇరవైమూడేళ్ళు ఊరిని అధికారులే ఏలారు. ఇంటి పన్ను మాత్రం ఒక్క ఏడూ ఆగలేదు. కౌన్సిలర్లు లెక్క తప్పారని, లెక్క అడిగే హక్కును ఊరి నుంచే లాక్కున్నట్టయింది.

అదే హాజరుపట్టీ కథ రాజస్థాన్‌లో మరోలా నడిచింది. 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పల్లెల్లో బహిరంగ విచారణలు పెట్టింది. పట్టీలోని పేర్లను జనం ముందు గట్టిగా చదివారు. చచ్చిపోయినవాళ్ళు, ఊళ్ళో లేనివాళ్ళు కూలికి వచ్చినట్టు రాసి ఉన్నారు. అక్కడ మొదలైన ఉద్యమమే 2005 సమాచార హక్కు చట్టానికి దారితీసింది. తమిళనాడు 1997లోనే సొంతంగా ఇలాంటి చట్టం చేసింది. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి, ఊరి ముందే పద్దులు చదివే పద్ధతి తెచ్చారు. ఒకే రోగానికి మద్రాసులో ఊరి నోరు మూయించారు, రాజస్థాన్‌లో ఊరి నోరు తెరిపించారు. ఏది మందో వేరే చెప్పనక్కరలేదు.

మన ఊళ్ళ సంగతి

ఇది ఒక్క చెన్నపట్నం గొడవే అనుకుంటే పొరపాటు. 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం పట్టణ పాలక సంఘానికి గడువు అయిదేళ్ళే. ఆ లోపల ఎన్నిక జరగాలి. జరిగిందేమిటి? చెన్నైలో 2016లో గడువు తీరిన కౌన్సిలుకు 2022 ఫిబ్రవరి దాకా ఎన్నిక లేదు. బెంగుళూరులో 2020 సెప్టెంబరులో గడువు తీరింది, అయిదేళ్ళు గడిచినా ఎన్నిక జరగలేదు. షోలాపూరులో 2022లో తీరితే మూడేళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది. బరంపురం కూడా 2022 మార్చి ఎన్నికకు ముందు కొన్నేళ్ళు కౌన్సిలు లేకుండానే గడిపింది. యానాం ఉన్న పుదుచ్చేరిలో అయితే 1968 తర్వాత 2006లో గాని మునిసిపల్ ఎన్నికలు జరగలేదు. ఆ సంఘాల గడువు 2011లో ముగిశాక మరో పదేళ్ళు దాటినా మళ్ళీ లేవు. ఈ ఊళ్ళన్నిటిలోనూ మనవాళ్ళు తరతరాలుగా ఇళ్ళు కట్టుకొని పన్నులు కడుతున్నారు.

చెన్నైలో ఎన్నిక జరిగిన కొద్ది వారాలకే, 2022 ఏప్రిల్‌లో, పన్ను పెంపు ప్రకటన వచ్చింది. పాత నగరంలో 600 చదరపు అడుగుల లోపు ఇంటికి 50 శాతం, 1,800 దాటితే 150 శాతం. 1998 తర్వాత పెంచలేదు కాబట్టి పెంపులో తప్పు లేదనవచ్చు. కానీ ఇరవై ఏళ్ళు ఊరుకొని ఒక్కసారి మీద వేస్తే, ఆ డబ్బు మా వీధికి ఎంత వచ్చిందని జనం అడగకుండా ఉంటారా?

ఆ డబ్బు ఎవరి చేతికి చేరడం లేదో కూడా చూడాలి. చెన్నైలో వీధులూడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాళ్ళ తాత ముత్తాతలు నెల్లూరు వైపు నుంచి ఈ పని మీదే వచ్చారు. 1678లో పన్ను వేసింది వీధులు ఊడ్పించడానికే. 1793లోనూ మొదటి పద్దు అదే. అయినా ఆ పని చేసినవాళ్ళకు సొంత గూడు, నికరమైన కొలువు ఈనాటికీ దక్కనివాళ్ళు ఎందరో. 2025 ఆగస్టులో రిపన్ భవనం ముందు రోజుల తరబడి కూర్చున్నది వాళ్ళే. చెత్త ఎత్తే పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించవద్దని అడిగారు. చివరికి పోలీసులు రాత్రిపూట వాళ్ళను అక్కడి నుంచి లేపేశారు. స్వపరిపాలన నేర్పాలన్న రిపన్ పేరు పెట్టుకున్న భవనం ముందే ఇది జరిగింది.

ఇక మనం చెయ్యగలిగిందేమిటి? సమాచార హక్కు చట్టం కింద మన వార్డులో ఏడాదికి ఇంటి పన్ను ఎంత వసూలయిందో, దేనికి ఎంత ఖర్చయిందో అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అర్జీ ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలంది చట్టం. యానాం దాటితే మనలో చాలామందికి ఇది చిక్కే. అయితే రాయలేనివాడు నోటితో చెబితే కాగితం మీద పెట్టడానికి సాయపడవలసిన బాధ్యత సమాచార అధికారిదే అని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మన సంఘాలు ఉగాది సభలూ, అవధానాలూ చక్కగా జరుపుతున్నాయి. వాటితోపాటు ఏడాదికొకసారి వార్డు జమాఖర్చు తెప్పించి, తెలుగులో చదివి వినిపించే సభ కూడా జరిపితే బాగుంటుంది. లక్ష్మీనరసు చెట్టి మహజరు సముద్రం దాటి వెళ్ళవలసి వచ్చింది. మన అర్జీ పక్కవీధిలోని జోనల్ ఆఫీసుకు వెళ్తే చాలు.