ఊరు స్పితిలో, గుర్తు చైనాలో: ఒక చిన్న ట్రైలోబైట్ పేరు కథ

పోయినసారి మేము రాసిన పాత గూడ్సు షెడ్డు కథ చదివి చాలామంది ఫోన్ చేశారు. సంతోషం. ఈసారి రైలు కాదు, రాయి. కొంచెం పొడుగు వ్యాసం. కాఫీ పెట్టుకుని తీరుబడిగా చదవండి.

మేము అంటే మీకు తెలిసిందే. లాల్‌బాగ్‌లో పొద్దున నడిచే నలుగురం, నలుగురమూ రైల్వేలో గుమాస్తాలుగా చేసి రిటైరయినవాళ్ళం. రాసే చెయ్యి ఒకటే అయినా మాట నలుగురిదీ. బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడింది తెలుగు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవే. తప్పులుంటే దిద్దండి, కోప్పడకండి.

కథ వంటింట్లో మొదలైంది. మాలో ఒకరి ఇంట్లో పాత వంటగట్టు తీసి కొత్త కడప బండ వేయించారు. బండ ఒక మూల ఆకుల కొమ్మలాంటి నల్లటి గుర్తు ఉంది. మనవడు చూసి ఎగిరి గంతేశాడు. "తాతా, ఇది ఫాసిల్! ట్రైలోబైట్ కాలం నాటిది అయ్యుంటుంది!" అన్నాడు. వాడి సైన్సు పుస్తకంలో ట్రైలోబైట్ బొమ్మ ఉంది. తాతకు ట్రైలోబైట్ అంటే ఏమిటో తెలియదు. మర్నాడు పొద్దున ఆ ప్రశ్న లాల్‌బాగ్‌కు వచ్చింది. అక్కడినుంచి మూడు నెలలు మేము నలుగురమూ దాని వెంటే పడ్డాం.

ముందు మనవడికి జవాబు. ఆ నల్లగుర్తు ఆకు కాదు, పురుగూ కాదు. రాతి సందుల్లోకి దిగిన నీళ్ళలో ఉండే మాంగనీసు లాంటి ఖనిజాలు కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటే అలా కనిపిస్తుంది. కడప బండల్లో ట్రైలోబైట్ దొరకదు. ఎందుకు దొరకదో తెలుసుకోవాలంటే వయసులు చూడాలి.

మేము నడిచే లాల్‌బాగ్ గుట్ట, పైన కెంపేగౌడ గోపురం ఉన్నదే, దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. భూగర్భ సర్వే వాళ్ళు పెట్టిన ఫలకం మీదే ఆ లెక్క ఉంది. ఆ రోజుల్లో భూమి మీద జంతువన్నదే లేదు. కడప వైపు రాళ్ళు దానికంటే చిన్నవే, అయినా చాలా పాతవి. భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఆ ప్రాంతమంతా తిరిగి 1872లో కడప, కర్నూలు పొరల గురించి పెద్ద గ్రంథం రాశాడు. మనం కడప బండ అనే నల్లరాయి ఎక్కువగా కర్నూలు వర్గంలోని నార్జి సున్నపురాయి. నార్జి అనేది కడప జిల్లాలో ఒక ఊరు. అదంతా ఒకప్పటి సముద్రం అడుగే. కాని ఆ సముద్రం ట్రైలోబైట్లు పుట్టకముందటిది. కడప పొరల్లో సూక్ష్మజీవులు చాప మీద చాపలా కట్టిన స్ట్రొమాటోలైట్లు ఉన్నాయి. అవే అక్కడి పాత కాపురస్థులు.

ట్రైలోబైట్లు సుమారు 52 కోట్ల ఏళ్ళ కింద కేంబ్రియన్ కాలంలో కనబడ్డాయి, సుమారు 25 కోట్ల ఏళ్ళ కింద పూర్తిగా అంతరించాయి. రొయ్యకూ, తేలుకూ, బొద్దింకకూ దూరపు చుట్టాలు. వీపు పొడుగునా రెండు గాడులు ఉండి మూడు భాగాలుగా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. అడ్డంగా చూస్తే కూడా తల, నడుము, తోక అని మూడు. ఇప్పటివరకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టినవి 20,000 జాతులకు పైనే. కొన్ని మూర పొడుగు ఉంటాయి. మన కథ మాత్రం గోరంత, శనగగింజంత ఉండేవాటి గురించి.

చిన్నవాటిలో బాగా పేరున్నవి అగ్నోస్టస్ వర్గం. ఫ్రాన్సు దేశపు బ్రోన్యార్ 1822లో ఆ పేరు పెట్టాడు. గ్రీకులో "తెలియనిది" అని అర్థం. సరిగ్గానే పెట్టాడు. వీటికి తల, తోక ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నడుములో రెండే రెండు కణుపులు. కళ్ళు లేవు. ఎటు ముందో ఎటు వెనకో కొత్తవాళ్ళకు తెలియదు, రెండు వైపులా ఇంజిను తగిలించిన బండిలాగ. వీటి పక్కింటివాళ్ళు ఇయోడిస్కస్ వర్గం. అవీ చిన్నవే, కాని నడుములో రెండో మూడో కణుపులు, కొన్నింటికి కళ్ళు కూడా ఉంటాయి.

అసలు అగ్నోస్టస్ ట్రైలోబైటేనా అని తగువు చాలాకాలం నడిచింది. స్వీడన్ రాళ్ళలో మెత్తటి కాళ్ళతో సహా నిలిచిన అగ్నోస్టస్ పిసిఫార్మిస్ మీద 1987లో ముల్లర్, వాలోసెక్ వివరంగా రాశారు. ఆ కాళ్ళ తీరు చూస్తే ఇది ట్రైలోబైట్ కంటే రొయ్యల వంశానికి దగ్గర అని వాళ్ళ వాదన. 2019లో కెనడా బర్జెస్ షేల్ శిలాజాలు చూసిన మోయ్సియుక్, కారోన్ మాత్రం ఇవి ట్రైలోబైట్ల చుట్టాలే అని చెప్పారు. పంక్తిలో కూర్చోబెట్టాలా వద్దా అని 30 ఏళ్ళ పైన పంచాయతీ!

ఇక మన దేశం సంగతి. కేంబ్రియన్ ట్రైలోబైట్లు మన దక్షిణాదిలో లేవు. అవి ఉన్నది హిమాలయాల్లో: స్పితి, జన్‌స్కర్, కశ్మీరు. పాత అవిభక్త భారతంలో అయితే ఉప్పు కొండలు కూడా. ఆ కొండలు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నాయి. అక్కడి ట్రైలోబైట్‌ను 1899లో రెడ్లిక్ వర్ణించాడు, తరవాత ఆయన పేరు మీదే దానికి రెడ్లికియా అని పేరొచ్చింది.

స్పితిలో పని చేసినవాడు హెన్రీ హ్యూబర్ట్ హేడెన్. 1895లో భూగర్భ సర్వేలో చేరాడు, తరవాత దానికి డైరెక్టరయ్యాడు, 1923లో ఆల్ప్స్ కొండల్లో ప్రమాదంలో పోయాడు. స్పితిలో పరాహియో అనే ఏటి లోయ ఉంది. ఊపిరాడని ఎత్తు. అక్కడ ఆయన శిలాజాలు ఏరడమే కాదు, ఏ పొరలో ఏది దొరికింది, దాని పైన ఏ పొర, కింద ఏ పొర అని వరసగా రాసిపెట్టాడు. 1904లో ఆయన స్పితి గ్రంథం వచ్చింది. ఆ శిలాజాలను కేంబ్రిడ్జ్‌లో పనిచేసే కౌపర్ రీడ్ పరిశీలించి 1910లో "పాలియంటోలోజియా ఇండికా"లో వర్ణించాడు. వాటిలో ఒక చిన్న ట్రైలోబైట్‌కు జకాంథోయిడిస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. "ఇండికస్" అంటే భారతదేశానిది. తరవాతివాళ్ళు దాన్ని సరైన ప్రజాతికి మార్చి ఒరిక్టోసెఫాలస్ ఇండికస్ అన్నారు. ముందు పేరు మారింది, వెనక పేరు నిలిచింది. జంతువులకు పేరు పెట్టే పద్ధతి అది. వంశం మార్చొచ్చు, మొదట పెట్టిన జాతి పేరును ఊరికే తీసెయ్యకూడదు.

ఇక్కడ ఒక చిక్కుంది. హిమాలయాలు లేచినప్పుడు రాళ్ళు నలిగాయి, రాళ్ళతోపాటు శిలాజాలూ నలిగాయి. ఒకే జాతిలో ఒకటి నిలువుగా సాగింది, ఇంకొకటి అడ్డంగా వెడల్పయింది. చూసినవాడు ఇవి రెండు జాతులు అనుకుంటాడు. 1934లో రీడ్ కశ్మీరు ట్రైలోబైట్లకు పెట్టిన పేర్లలో ఇలాంటివి ఉన్నాయి. 1992లో నైజెల్ హ్యూస్, పీటర్ జెల్ అనేవాళ్ళు కంప్యూటరుతో, గణాంకాలతో ఆ నలుగుడు లెక్కగట్టి, వేరనుకున్నవి కొన్ని ఒకటేనని చూపారు.

ఇది చదివినప్పుడు మేము నలుగురమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాలో ఒకరి తండ్రి పేరు గంగయ్య. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. బడిలో "ఉళ్ళేన్ అయ్యా" అని హాజరు చెప్పిన రోజుల్లో దాంతో చిక్కేమీ లేదు. ఇంగ్లీషులోకి ఎక్కించినప్పుడు పెద్దవాడికి కె అని, చిన్నవాడికి జి అని ఇనిషియల్ పడింది. ముప్పై ఏళ్ళ తరవాత ఆస్తి కాగితాల దగ్గర ఒక ఆఫీసులో "మీరిద్దరూ అన్నదమ్ములని రుజువేమిటి?" అన్నారు. అఫిడవిట్ రాయించి, సాక్షులను తీసుకెళ్ళి, ఒకే కడుపున పుట్టామని నిరూపించుకోవాల్సి వచ్చింది. శిలాజం నలిగింది కొండ బరువుకు, మేము నలిగింది రిజిస్టరు బరువుకు.

సరే, ఏ జాతి ఎక్కడెక్కడ దొరుకుతుందో చూద్దాం. ఇది మాకు బాగా తెలిసిన లెక్క. రైళ్ళు రెండు రకాలు. ఒకటి దగ్గర ఊళ్ళ మధ్య తిరిగే పాసింజరు, ఇంకొకటి దేశం చివరిదాకా పోయే ఎక్స్‌ప్రెస్. తీరం దగ్గర లోతులేని నీళ్ళలో బతికిన ట్రైలోబైట్లు పాసింజరులాంటివి. రెడ్లికియా చుట్టాలు భారతదేశం, చైనా, ఆస్ట్రేలియా వైపు ఉంటాయి. అదే కాలంలో ఉత్తర అమెరికా వైపు ఉన్నవి వేరే, ఒలెనెల్లస్ వర్గం. అప్పటికి మన దేశం గోండ్వానా అనే పెద్ద ఖండంలో భాగం, ఇప్పటి హిమాలయ ప్రాంతం దాని అంచున ఉన్న సముద్రం. అగ్నోస్టస్ లాంటి చిన్నవి మాత్రం బయటి సముద్రంలో ఎక్కువగా తిరిగినవి. ఒకే జాతి చైనాలోనూ దొరుకుతుంది, అమెరికాలోనూ దొరుకుతుంది. పైగా ఒక్కొక్క జాతి బతికిన కాలం తక్కువ. విస్తారం ఎక్కువ, ఆయుష్షు తక్కువ. కాలం గుర్తించడానికి ఇంతకంటే మంచి సాక్షి దొరకదు. తేదీ ముద్ర పడిన టికెట్టులాంటిది. ఆ టికెట్టు ఏ దేశపు రాతిలో కనిపించినా రెండు రాళ్ళూ ఒకే కాలం నాటివని చెప్పొచ్చు.

అందుకే కేంబ్రియన్ పై భాగంలో నాలుగు అంచెల హద్దులు అగ్నోస్టస్ వర్గం మీదే పెట్టారు. 2003లో చైనా హునాన్‌లో పైబియన్, 2006లో అమెరికా యూటాలో డ్రూమియన్, 2008లో మళ్ళీ హునాన్‌లో గుజాంగియన్, 2011లో జెజియాంగ్‌లో జియాంగ్‌షానియన్. ఒక జాతి మొదటిసారి కనబడే పొరను ఎంచి, లోకానికంతటికీ ఇదే హద్దు అని ఒప్పుకుంటారు. దానికి బంగారు మేకు అని ముద్దుపేరు.

డ్రూమియన్ కింద ఉన్న అంచె హద్దు 2018లో తేలింది. చైనాలో గుయిజౌ రాష్ట్రంలోని ఒక కొండవాలు, వులియు. వయసు 51 కోట్ల ఏళ్ళకు కాస్త తక్కువ. అంచె పేరు వులియుయన్. ఏ జాతి మొదటిసారి కనబడిన చోట ఆ హద్దు గీశారో తెలుసా? మన స్పితి బిడ్డ, ఒరిక్టోసెఫాలస్ ఇండికస్! ఆ జాతి అమెరికాలో నెవాడాలో కూడా దొరికింది. 1910లో స్పితి నుంచి పేరు తీసుకుని, 2018లో చైనా కొండ మీద లోకానికి హద్దురాయి అయింది.

మొదట మాకు కొంచెం మంటగానే అనిపించింది. పేరు మనది, మేకు వాళ్ళదా అని. తరవాత ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. హద్దు పెట్టే చోట పొరలు తెగకుండా వరసగా ఉండాలి, శిలాజాలు నలగకుండా ఉండాలి, ఎవరైనా పోయి చూడగలగాలి. గుయిజౌ వాళ్ళు ఏళ్ళ తరబడి పొర పొరా వెతికారు. అదే 2018లో మౌమ్లుహ్ గుహ ఉన్న మన మేఘాలయ పేరు మీద మేఘాలయన్ అనే కాలం కూడా స్థిరపడింది. కాబట్టి లోకం మనల్ని మరిచిపోయిందని అనడానికి లేదు. పైగా స్పితిలో పుట్టింది పేరు మాత్రమే. ఆ జీవి ఆ సముద్రమంతా తనదిగా తిరిగింది. మేము గూడ్సు రసీదులో రాసేది బుకింగ్ స్టేషను. సరుకు ఎక్కడ పండిందో దాన్ని బట్టి చెప్పలేం. "ఇండికస్" కూడా అంతే, బుకింగ్ స్టేషను పేరు.

మన సంగతీ ఇంతే కదా. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లు. ముత్తాతలు ఎప్పుడో ఒక ఊరు వదిలి తమిళ దేశం వచ్చారు, అక్కడినుంచి మనం బెంగళూరు వచ్చాం. ఊరు పోయింది, పేరు మిగిలింది. తమిళనాట ఇంటిపేరు రాసే వాడుక లేదు, తండ్రి పేరు మొదటి అక్షరం చాలు. అందుకని మాలో ఇద్దరికి ఆ పేరు కూడా కాగితం మీద లేదు. పోయిన ఏడు మాలో ఒకరి మేనత్త కాలం చేశారు. 91 ఏళ్ళు. మా పాత ఊరి పేరు, అక్కడి గుడి, చెరువు అన్నీ ఆమె చెప్పేది. వినేవాళ్ళం, నవ్వేవాళ్ళం, ఒక్కరమూ రాసుకోలేదు. మొన్న మనవరాలి పెళ్ళి శుభలేఖలో స్వస్థలం అని రాయాల్సి వస్తే నలుగురు పెద్దవాళ్ళు కూర్చుని మూడు రకాలుగా చెప్పారు. ఆ గడి ఖాళీగానే అచ్చయింది.

హేడెన్ చేసిన గొప్ప పని రాళ్ళు ఏరడం కాదు, ఏ పొరలో దొరికిందో రాయడం. అందుకే వందేళ్ళ తరవాత హ్యూస్, ఆయన తోటివాళ్ళు పరాహియో లోయకు మళ్ళీ పోయి, పొరలు కొలిచి, శిలాజాలు ఏరి, 2009లో పెద్ద గ్రంథం తేగలిగారు. చీటీ లేని శిలాజం వట్టి రాయి.

అందుకని సంఘానికి మా మనవి ఒకటే. ఈ ఏడు సభ్యుల పట్టీ అచ్చు వేసేటప్పుడు పేరు, ఫోన్ నంబరు పక్కన మూడు గడులు పెట్టండి: ఇంటిపేరు తెలుగు అక్షరాల్లో, పాత ఊరు, ఆ సంగతి ఎవరు చెప్పారు. మూడోది ముఖ్యం. తెలియకపోతే తెలియదని రాయండి, ఊహించి నింపవద్దు. ఇంట్లో ఎనభై దాటినవాళ్ళు ఉంటే ఈ ఆదివారమే కాగితం తీసుకుని పక్కన కూర్చోండి. తెలుగు రాయడం రానివాళ్ళుంటే మేము నలుగురమూ ఇంటికి వచ్చి రాసిపెడతాం. కాఫీ ఇస్తే చాలు.

మనవడు ఆ నల్లగుర్తు మీద సుద్దతో గుండ్రంగా గీత గీశాడు. ఫాసిల్ కాదని చెప్పినా తుడవనివ్వలేదు. బండ ఏ ఊరి నుంచి వచ్చిందని అడిగాడు. దుకాణం వాడికి ఫోన్ చేశాం. కనుక్కుని చెబుతానన్నాడు.