మోటారు కారు బీమా: నిర్బంధ, ఐచ్ఛిక రక్షణల చరిత్ర

మోటారు వాహనము బాటపై నడచుటవలన ఇతరులకు గలుగు ప్రాణనష్టమునకును, అంగవైకల్యమునకును, ఆస్తినష్టమునకును యజమాని చెల్లింపవలసివచ్చు పరిహారమును, ఆ వాహనమునకే వాటిల్లు చేటును, ప్రీమియము గైకొని బీమా సంస్థ తాను భరించు ఏర్పాటునకు మోటారు బీమా యని పేరు. ఇందు మొదటి భాగము శాసనముచే విధింపబడినది. రెండవది యజమాని యిచ్ఛకు విడువబడినది. మొదటిదానిని జనులు థర్డ్ పార్టీ యనియు, రెండును గూడినదానిని ఫుల్ ఇన్సూరెన్సు అనియు వ్యవహరింతురు. నిర్బంధ రక్షణ పరులకొఱకు పుట్టినది, ఐచ్ఛిక రక్షణ తనకొఱకు పుట్టినది; ఈ శాఖ చరిత్రమంతయు ఆ పరులెవరను ప్రశ్నకు శాసనసభలును న్యాయస్థానములును కాలక్రమమున ఇచ్చుచు వచ్చిన సమాధానముల చరిత్రమే.

మంజీరానదిపై 1923–1931 సంవత్సరముల నడుమ నిర్మింపబడిన నిజాంసాగరపు ఆయకట్టులో వరిపంటకు ప్రసిద్ధమైన బాన్సువాడ పట్టణమున ఈ చరిత్రము నంబరు పలకలమీదనే కొంత కానవచ్చును. ఉమ్మడి రాష్ట్రమున ఈ ప్రాంతపు వాహనములు నిజామాబాదు జిల్లావై ఏపీ 25 సంఖ్యను, తెలంగాణ యేర్పడిన పిదప టీఎస్ 16ను, 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా వెలసిన తరువాత టీఎస్ 17ను, 2024 మార్చి మొదలు టీజీ 17ను ధరించినవి. రాష్ట్రము మాఱినను, జిల్లా మాఱినను, ఆ కారు తలుపు అరలోని బీమా పత్రమునకు ఆధారమైన శాసనము మాత్రము కేంద్ర శాసనమే.

పూర్వరంగము

ప్రమాదమున ఒకడు మరణించినచో అతని కుటుంబము దోషిపై పరిహారమునకు దావా వేయవచ్చునని మన దేశమున 1855నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము ఒప్పుకొన్నది. అయితే తీర్పు గెలుచుట వేఱు, ధనము చేతికందుట వేఱు. తాకట్టులో నున్న లారీ తప్ప వేఱాస్తి లేని యజమానిపై డిక్రీ పొందిన వితంతువునకు ఆ కాగితము వలన ఫలమేమియు లేకుండెను. మోటారు వాహనములకై దేశమంతటికిని చేయబడిన 1914నాటి చట్టము రిజిస్ట్రేషనును, లైసెన్సును విధించినదేగాని బీమా ప్రసక్తి తేలేదు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రము 1927లోను, బ్రిటన్ 1930నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టము ద్వారమునను బీమా లేని వాహనము బాట నెక్కరాదని శాసించినవి. బ్రిటన్ పద్ధతియే భారతదేశమునకు మాతృక యయ్యెను. 1939నాటి మోటారు వాహనముల చట్టమునందలి ఎనిమిదవ అధ్యాయము మూడవ పక్షమువారికై బీమాను నిర్బంధము గావించినది. కాని చట్టమందు వ్రాయబడిన ఈ నిబంధన ద్వితీయ ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట 1946 జూలై 1న గాని అమలునకు రాలేదు. మొదటి పక్షము యజమాని, రెండవ పక్షము బీమా సంస్థ, ఆ ఒప్పందముతో నెట్టి సంబంధమును లేని బాటసారి మూడవ పక్షము.

బాన్సువాడ అప్పుడు బ్రిటిషు ఇండియాలో లేదు. నిజాం రాజ్యములో నుండెను. బ్రిటిషు ఇండియా శాసనములు సంస్థానములలో స్వతస్సిద్ధముగా చెల్లవు. హైదరాబాదు రాజ్యమున 1932లో నిజాం ప్రభుత్వపు రైల్వే శాఖయే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినది. ప్రభుత్వమే వాహనయజమాని యైనచోట పరిహారప్రశ్న వేఱు రూపము దాల్చును. నేటికిని, ప్రభుత్వ రవాణా సంస్థలు ప్రత్యేక నిధి నేర్పఱచుకొన్నచో వానికి నిర్బంధ బీమానుండి మినహాయింపు నొసగుటకు చట్టమున వీలు కలదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియనులో చేరిన పిదప ఈ ప్రాంతమును క్రమముగా అఖిలభారత శాసనముల పరిధిలోనికి వచ్చినది.

ట్రిబ్యునళ్లు, జాతీయీకరణము

బీమా యున్నను పరిహారమునకై సివిలు కోర్టులో రుసుము చెల్లించి యేండ్లతరబడి తిరుగవలసిన యవస్థను తొలగింప 1956నాటి సవరణ మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లకు వీలు కల్పించినది. ఆచరణమున జిల్లా న్యాయాధిపతులే ఈ ట్రిబ్యునలు పీఠము నలంకరింతురు. డ్రైవరు నిర్లక్ష్యమును నిరూపించు భారము మాత్రము బాధితునిపైననే నిలిచెను. దానిని కొంత సడలించి 1982నాటి సవరణ, దోషవిచారణ లేకయే మరణమునకు 15,000 రూపాయలును, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలును ఇప్పించు పద్ధతిని ప్రవేశపెట్టినది. గుద్ది పాఱిపోయిన వాహనము జాడ తెలియనప్పుడు బాధితులకు నిధినుండి కొంత సొమ్ము ముట్టజెప్పు ఏర్పాటును అప్పుడే మొదలయ్యెను.

ఇంతలో బీమా వ్యాపారపు స్వరూపమే మాఱినది. 1971 మే నెలలో సాధారణ బీమా సంస్థల నిర్వహణను ప్రభుత్వము చేపట్టి, 1973 జనవరి 1న 107 సంస్థలను నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అను నాలుగు సంస్థలుగా సంఘటించెను. తరువాతి పాతికేండ్లకు పైగా కారు కొన్నవారికి ఈ నాలుగింటిలో నొకదాని పత్రమే శరణ్యము.

1988నాటి చట్టము

1989 జూలై 1న అమలైన 1988నాటి చట్టము పాతదానిని పూర్తిగా త్రోసి నిలిచినది. దీని 146వ సెక్షను బీమా లేక వాహనము నడపరాదని నిషేధించుచున్నది. 147వది ఆ బీమా కనీసముగా దేనిని భరింపవలెనో నిర్వచించుచున్నది. పాత చట్టమున లారీల విషయమున కంపెనీ బాధ్యతకు గరిష్ఠ పరిమితి యుండి, మిగిలిన సొమ్ము యజమానిపై పడుచుండెను; క్రొత్త చట్టము ప్రాణనష్టము విషయమున ఆ పరిమితిని దొలగించి, ట్రిబ్యునలు నిర్ణయించిన మొత్తమంతయు కంపెనీయే చెల్లింపవలెనని శాసించెను. ఆస్తినష్టమునకు చట్టము 6,000 రూపాయలనే కనీసముగా పేర్కొన్నను, పత్రములందు కారునకు 7,50,000 రూపాయలవఱకును, ద్విచక్రికకు 1,00,000 రూపాయలవఱకును రక్షణ సామాన్యమైనది.

1994నాటి సవరణ బాధితుడు తాను నివసించు చోటనే దావా వేయుటకు అవకాశ మొసగినది. దోషము లేని పరిహారమును మరణమునకు 50,000కును, శాశ్వత వైకల్యమునకు 25,000కును పెంచి, దావాకు గల కాలపరిమితిని ఎత్తివేసినదియు అదియే. లైసెన్సు లేనివాడు బండి నడపినప్పుడు కంపెనీ తప్పించుకొనవచ్చునా యను వివాదమున సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసునందు విపులముగ తీర్పు చెప్పినది: యజమాని తెలిసి నిబంధన నుల్లంఘించెనని కంపెనీ నిరూపింపవలెను, నిరూపించినను, బాధితునకు ముందు చెల్లించి ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుకొనుమని ఆదేశించు అధికారము ట్రిబ్యునలునకు కలదు.

పరిధికి వెలుపలివారు

నిర్బంధ రక్షణ ఎంత విశాలమైనను కొందఱు దానికి వెలుపలనే నిలిచిరి. పల్లెసీమలలో నాట్లకాలమునను, కోతలకాలమునను కూలివారిని ట్రాక్టరు ట్రాలీలలో పొలమునకు గొనిపోవుట నిత్యకృత్యము. సరుకు బండిలో ఉచితముగ ఎక్కిన ప్రయాణికునకు కంపెనీ బాధ్యత వహింపవలెనని 2000లో వెలువడిన సత్పాల్ సింగ్ తీర్పు ఆశ గొల్పెను గాని, 2003లో ఆశారాణి కేసున సుప్రీంకోర్టే దానిని త్రోసిపుచ్చినది. సరుకుతోపాటు ప్రయాణించు సరుకు యజమానికిని, అతని ప్రతినిధికిని మాత్రమే 1994నాటి సవరణ చోటిచ్చినది. నాట్లకు పోవు ఇరువది మందిలో ఒక్కరును సరుకు యజమాని కారు గనుక, ట్రాలీ బోల్తా పడినపుడు పరిహారభారము ట్రాక్టరు యజమానిపై బడుట సహజము.

కారులో ఎక్కినవారి విషయము ఇంకను సూక్ష్మమైనది. బాన్సువాడనుండి బోధనునకు పెండ్లికి పోవు కుటుంబమును ఉదాహరణముగా గైకొందము. ఆ కారు ఎదురు వచ్చు సైకిలువానిని గుద్దినచో, కారునకు థర్డ్ పార్టీ మాత్రమే యున్నను అతని పరిహారమును కంపెనీ యిచ్చును. అదే కారు దానంతట అదే చెట్టును గుద్ది, వెనుక సీటులోని మేనత్త మరణించినచో, నిర్బంధ రక్షణ మాత్రమే గల పత్రము ఆమె కుటుంబమునకు సాధారణముగ అక్కఱకు రాదు. ఫుల్ ఇన్సూరెన్సు పత్రము కారులోని వారికిని వర్తించునని బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరులో కంపెనీలకు స్పష్టము చేసెను. అనంతరము బాలకృష్ణన్ కేసున సుప్రీంకోర్టు రెండు పత్రములకు గల ఈ భేదమును ధ్రువపఱచినది. కారు పాతది గదా, గీతలు పడినను ఫర్వాలేదని ఐచ్ఛిక భాగమును మానుకొను యజమాని తగ్గించుకొనునది ఇనుపరేకుల రక్షణ మాత్రమే కాదు.

చోదకస్థానమున గూర్చున్న యజమాని తనకు తాను మూడవ పక్షము కాజాలడు. అతనికై ఏర్పడిన వ్యక్తిగత ప్రమాద బీమా మొత్తమును 2018లో 15,00,000 రూపాయలకు పెంచిరి. 2019 జనవరినుండి దానిని వేఱుగా కొనుటకును, అట్టి రక్షణ ఇదివఱకే యున్నవారు మానుకొనుటకును వెసులుబాటు గలిగినది.

ఐచ్ఛిక రక్షణ

స్వంత వాహనమునకు గలుగు నష్టము, అనగా ఓన్ డ్యామేజి, ఈ శాఖకు రెండవ అంగము. అగ్నిప్రమాదము, చోరీ, అల్లర్లు, వరద, పిడుగు, గుద్దుకొనుట దీని పరిధిలోనివి. కారు వెలను ఏటేట తగ్గించి కట్టు విలువను ఐడీవీ యందురు. ఆరు మాసములలోపు కారునకు 5 శాతము, ఒక యేడు నిండువఱకు 15, రెండేండ్లవఱకు 20, మూడేండ్లకు 30, నాలుగేండ్లకు 40, ఐదేండ్లకు 50 శాతము తరుగుదల లెక్కింతురు. క్లెయిము చేయని యజమానికి నో క్లెయిమ్ బోనసు 20 శాతముతో మొదలై, 25, 35, 45 మెట్లు దాటి 50 శాతమునకు జేరును. అది మనిషికి చెందునేగాని కారునకు గాదు, పత్రము గడువు ముగిసి 90 దినములు దాటినచో పోవును.

మరమ్మతు వచ్చినపుడు సర్వేయరు వ్రాయు లెక్క చూచినగాని ఐచ్ఛిక రక్షణలోని మెలకువ బోధపడదు. ప్లాస్టికు, రబ్బరు భాగములకును, బ్యాటరీకిని వయస్సుతో నిమిత్తము లేక సగము తరుగుదల. అద్దమునకు తరుగుదల లేదు. 1500 సీసీ మించని కారునకు 10,000 రూపాయల ప్లాస్టికు బంపరు మార్చినచో, సగము తరుగుదల పోగా మిగిలిన 5,000లో నిర్బంధ కోత 1,000 తీసి కంపెనీ 4,000 ఇచ్చును. 6,000 యజమాని చేతిది. జనులు బంపర్ టు బంపర్ అను జీరో డిప్రిసియేషను చేర్పు ఉన్నచో అతడు పెట్టుకొనునది 1,000 మాత్రమే. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వర్షముల వంటి విపత్తులో ఇంకొక చేర్పు ప్రయోజనము తెలియును: నీట మునిగిన కారు శుభ్రతకును మరమ్మతునకును మామూలు పత్రము చెల్లును గాని, నీరు చొరబడిన ఇంజనును స్టార్టు చేయుటవలన గలిగిన చేటునకు ఇంజను రక్షణ చేర్పు వేఱుగా లేనిదే సొమ్ము దొరకుట కష్టము.

ప్రీమియము నిర్ణయము

బీమా నియంత్రణ సంస్థ 1999నాటి చట్టము ద్వారా ఏర్పడి, పిదప తన కేంద్రమును హైదరాబాదులో నెలకొల్పుకొన్నది. 2002 జూలై 1న వచ్చిన అఖిలభారత మోటారు టారిఫు రెండు భాగములకును ధరలను నిర్ణయించెను. 2007 జనవరి 1నుండి ఓన్ డ్యామేజి ధరను కంపెనీల పోటీకి విడిచి, థర్డ్ పార్టీ ధరను మాత్రము అధికారులే నిర్ణయించుచు వచ్చిరి. 2022 జూన్ 1నుండి అమలైన పట్టిక ప్రకారము 1000 సీసీ మించని స్వంత కారునకు సంవత్సరమునకు 2,094 రూపాయలు, 1500 సీసీవఱకు 3,416, అంతకు మించినచో 7,897. ఏ కంపెనీకడ కొన్నను ఈ మొత్తము మాఱదు గనుక, బేరమునకు తావున్నది రెండవ భాగమునందే.

ఇటీవలి పరిణామములు

మొదటి యేడు పత్రము తీసి, తరువాత పునరుద్ధరింపని వాహనములు బాటలపై పెరుగుటను గమనించిన సుప్రీంకోర్టు 2018 జూలైలో ఇచ్చిన ఆదేశమున, ఆ సెప్టెంబరు 1నుండి క్రొత్త కారునకు మూడేండ్లకును, క్రొత్త ద్విచక్రికకు ఐదేండ్లకును థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కొనవలసివచ్చినది. మఱుసటి సంవత్సరము సెప్టెంబరునుండి ఓన్ డ్యామేజిని ప్రత్యేకముగ కొనుటకు వీలు గలిగినది. 2019నాటి సవరణచట్టము బీమా లేక నడపినందుకు జుల్మానాను తొలిసారి 2,000కును, మఱల పట్టుబడినచో 4,000కును పెంచినది. మూడు మాసములవఱకు కారాగారమును విధింపవచ్చును. జాడ తెలియని వాహనమువలని మరణమునకు 25,000గా నున్న సాయము 2022 ఏప్రిల్ 1నుండి 2,00,000 అయినది. దావాకు ఆరు మాసముల గడువు తిరిగి వచ్చినది.

రెండు రక్షణల జన్మభేదము పాత కారు చేతులు మాఱునపుడు మిక్కిలి స్ఫుటమగును. 157వ సెక్షను ప్రకారము నిర్బంధ రక్షణ కారుతోపాటు కొన్నవానికి తనంత తానే సంక్రమించును. బాటసారి భద్రత అమ్మకముతో ఆగిపోరాదని శాసనాభిప్రాయము. ఐచ్ఛిక రక్షణ అట్లు కాదు. అది పాత యజమానికిని కంపెనీకిని నడుమ గల ఒప్పందమనియు, కంపెనీ సమ్మతించి పేరు మార్చువఱకు కొన్నవాడు తన కారు నష్టమునకు దావా చేయజాలడనియు సుప్రీంకోర్టు 1996లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసున నిర్ణయించెను. కాబట్టి కారు కొని పదునాలుగు దినములలో పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టనివాడు, ఆర్.సి. తన పేర నున్నను, ఇతరులకు మాత్రమే రక్షణ గలిగి తనకు లేనివాడగును.